మైనాకం మీద సొట్ట

మార్చి 9, ఆదివారం

గాలి జల్లెడలు దులిపాను. మూడో వరస తొట్టెల్లో గోంగూర కోతకొచ్చింది. వంట పోలయ్యకు చెప్పాను.

మైనాకం బొమ్మ మొదలుపెట్టాను. పాత అంతరిక్ష ఓడలను కోసే మా యార్డుకు అది చేరిన మరునాడే మేస్త్రి దాసు దాని పైతోలు నుంచి అరచేతి వెడల్పు రేకు కోసి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏ ఓడ బొమ్మ ఆ ఓడ లోహంతోనే కట్టాలి. కోతకు ముందు తీయనిచ్చేది ఆ ఒక్క రేకే.

"ఇంత పెద్ద ఓడకి ఇదేటి సరిపోద్ది నరసింగూ" అన్నాడు దాసు.

"పల్చగా సాగదీస్తే సరిపోతుంది."

"నువ్వు సాగదీస్తే సంవత్సరం పడతాది. అదే నా బయం."

ఒకటికి డెబ్బై రెండు కొలతలో కడుతున్నాను. కుజుడి చుట్టూ తిరిగి మనుషులను వెనక్కి తెచ్చిన ఓడ కాబట్టి బొమ్మలో వాళ్ళున్న బతుకు గది కిటికీలైనా కనిపించాలి. అంతకంటే చిన్నదైతే కనిపించవు.

కొలతలు తీయడానికి సూటు వేసుకుని బయటికి వెళ్ళాను. బతుకు గది పక్కన, మెడ మొదలయ్యే చోట ఒక సొట్ట ఉంది. బిందె పట్టేంత. అంచున పసుపు రంగు అంటుకుని ఉంది. మా లాగుడు పడవ ముక్కుకు వేసే రంగు అది. ఓడను తెచ్చి కట్టిన రోజు పడవ నడిపింది నూకరత్నం. దెబ్బ తగిలినట్టు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

రంగు తుడిచేశాను. తుడిచిన గుడ్డ కొలిమి సంచిలో వేశాను.

మార్చి 14, శుక్రవారం

జల్లెడలు దులిపాను. రేకును కాల్చి చల్లార్చి సాగదీయడం పూర్తయింది. ఎక్కడా చీలలేదు.

భోజనాల గదిలో దాసు అందరినీ కూర్చోబెట్టి కంపెనీ కబురు చదివాడు. మైనాకమే ఆఖరుది. లాగి తెస్తే గిట్టుబాటయ్యే పాత ఓడలు ఈ కక్ష్యలో ఇక లేవు. కోత అయిపోయిన రోజుతో యార్డుకు గాలి, నీళ్ళ ఖర్చు ఆపేస్తారు. పదకొండు మందినీ కిందికి దింపుతారు.

తరవాత పోలయ్య, "కిందకెల్లి ఏటి సేత్తాం? గరిటె బరువు ఎంతుంటాదో గూడా మర్సిపోనాను" అన్నాడు. ఇద్దరు నవ్వారు.

నూకరత్నం నవ్వలేదు. ఆమె పుట్టింది మేం ఉండే ఈ చక్రంలోనే. చక్రం తిరగడం వల్ల మాకు ఇక్కడ ఉండే బరువు చంద్రుడి మీద ఉండేంత. ఆమె ఎముకలకు, గుండెకు తెలిసిన బరువు అదొక్కటే. ఆమె కంటే ముందు ఇక్కడ పుట్టిన లోకనాథాన్ని పదేళ్ళ కిందట కిందికి దింపారు. అప్పటి నుంచి విశాఖ ఆస్పత్రిలో మెడ దాకా నీళ్ళున్న తొట్టిలో ఉంటున్నాడు. పండగలకు మాతో మాట్లాడతాడు. బాగానే ఉన్నానంటాడు. మాట్లాడుతున్నంతసేపూ వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

చంద్రుడి మీద మంచు గనిలో పడవ నడిపే పని నూకరత్నానికి ఖాయమైంది. తీసుకెళ్ళే నౌక మే మొదటి వారంలో ఇటుగా వస్తుంది. దాని తరవాతది ఎప్పుడో తెలియదు. కోతకు రెండు వారాలు చాలు. ఈ నెలాఖరున బొమ్మ ఒప్పుకుంటే ఏప్రిల్ గడిచేలోపు యార్డు మూతపడుతుంది, ఆ నౌక రాకముందే ఆమెనూ కిందికి దింపేస్తారు.

భోజనాలయ్యాక ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న, నేను ఒకే జట్టులో పనిచేశాం. చిన్నప్పటి నుంచి నన్ను చిన్నాన్న అనే పిలుస్తుంది.

"తొట్లోకి దింపితే ఈత వొస్తాదేటి సిన్నాన్నా?"

"నీళ్ళు కదలకుండా ఉంటాయనుకుంటాను."

"అవి కదలవు. నాను గూడా కదలను." బల్ల మీది పట్టకారు తీసి రెండుసార్లు నొక్కి మళ్ళీ అక్కడే పెట్టింది. "బొమ్మ ఎంతవరకు వొచ్చింది?"

"గది అయింది. నడుము కట్టాలి."

"మంచిది" అని వెళ్ళిపోయింది.

మార్చి 22, శనివారం

జల్లెడలు దులిపాను. రాలిన ఆకురాయి పొడిని కొలిమికి తిరిగి ఇచ్చాను. ఇక్కడ రజను తొందరగా నేల మీద పడదు, కళ్ళలోకి వస్తుంది. అందుకే పనంతా పారదర్శకమైన సంచిలో చేతులు దూర్చి చేస్తాను. కొత్తలో విసుగ్గా ఉండేది. ఇప్పుడు సంచి లేకుండా చేయమంటే చేతులు పనిచేయవేమో.

నడుము కమ్మీలకు టంకం వేయడం అయింది. ట్యాంకులు నాలుగూ బిగించాను. బతుకు గది గోడ వెనక నుంచి ఒక సన్నని ఇంధనం గొట్టం పోతుందని పాత పటాల్లో ఉంది. దాన్ని కూడా వేశాను. బయటికి కనిపించదు. అయినా కోసేవాళ్ళకు అది అక్కడుందని తెలియాలి. బొమ్మ కట్టే పద్ధతి వచ్చిందే అందుకు. మా ముందు తరం వాళ్ళు లోపల ఏముందో చూసుకోకుండా ఒక ఓడను కోశారు. వాళ్ళ పేర్లు భోజనాల గది తలుపు మీద చెక్కి ఉన్నాయి.

రెండు రోజుల కిందట దాసు వచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళలో అయిపోద్ది?"

"వారం."

"వారమేటి? అంత తొందరేల?"

"మొన్న సంవత్సరం పడుతుందని భయపడ్డావు."

"మొన్న వేరు." దాసు బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఆ ఇంజను మూతి కొంచెం వొంకరగా లేదేటి?"

లేదనుకున్నాను. అతను వెళ్ళాక కొలిచాను. ఒక వెంట్రుక మందం పక్కకు ఉంది. ఊడదీసి మళ్ళీ చేశాను. రెండు రోజులు పట్టింది. తప్పు నిజమైనదే కాబట్టి ఆ రెండు రోజుల గురించి నేను రాసుకోవలసింది ఏమీ లేదు.

మార్చి 30, ఆదివారం

బొమ్మ చూపించాను.

మా పద్ధతి ఇది. బొమ్మ చేతులు మారుతుంది. పట్టుకున్న మనిషి తిప్పి చూసి "ఇదే ఆ ఓడ" అనాలి. పదకొండు మందీ అన్నాకే కోత. అననివాళ్ళు ఊరికే తల అడ్డంగా ఊపితే చెల్లదు, తప్పును వేలితో చూపించాలి. చూపిస్తే సరిచేసి మళ్ళీ మొదటి మనిషి నుంచి మొదలుపెట్టాలి. కంపెనీతో మా ఒప్పందంలో కూడా ఇలాగే రాసి ఉంది.

ముందు ముగ్గురు తిప్పి తిప్పి చూసి, తప్పు దొరక్క ఆ మాట అన్నారు. ఇంతకు ముందెప్పుడూ ఇంతసేపు చూసినవాళ్ళు కారు. నాలుగోవాడు పోలయ్య.

"ఆ పళ్ళెం సూడండి. అప్పడం లాగ ఉన్నాది."

"యాంటెనా అలాగే ఉంటుంది" అన్నాను.

"అప్పడం అంటే ఎలగుంటాదో నాకు తెల్దా? అంచు పైకి లేవాల. ఇది నూని తక్కువై వొడిలిపోయినట్టున్నాది." వేలితో చూపించాడు.

పాత ఫొటో పెద్దది చేసి చూశాం. పళ్ళెం అంచు ఫొటోలో ఇంకా లోతుగా ఉంది. పోలయ్య తనే ఆశ్చర్యపోయాడు.

"నానేదో నోటికొచ్చింది అనీసినాను" అని దాసుతో మెల్లిగా అనడం వినిపించింది.

ఏప్రిల్ 6, ఆదివారం

జల్లెడలు దులిపాను. నీళ్ళ పంపు రబ్బరు మార్చాను.

రెండోసారి చూపించాను. ఈసారి రెక్కల మడత బందుల దగ్గర తప్పు పట్టారు. కోత యంత్రం నడిపే గౌరీసు చూపించాడు. అదీ నిజమే. ఎడమ రెక్క బందులు కుడి రెక్కకూ, కుడివి ఎడమకూ వేశాను. ఇరవై రెండేళ్ళుగా బొమ్మలు కడుతున్నాను, ఇలాంటి తప్పు ఎప్పుడూ చేయలేదు. కావాలని చేయలేదు. ఈ మాట ఇక్కడ రాసుకుంటున్నాను, ఎందుకంటే దాసు నా వీపు తట్టాడు.

తప్పులు కల్పిస్తారనుకున్నాను. ఇప్పటిదాకా చూపించినవాటిలో కల్పించింది ఒక్కటీ లేదు. ఇంతకు ముందు కట్టిన బొమ్మలను కూడా ఇలా చూసి ఉంటే బాగుండేది.

నూకరత్నం మాత్రం రెండుసార్లూ ఏ తప్పూ చూపించలేదు. ఆమె వంతు దాకా బొమ్మ రానేలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

సరుకుల పడవ వచ్చింది. బియ్యం, పప్పు, ఎండు చేపల పొడి, జల్లెడ గుడ్డలు. కంపెనీ ప్రతినిధి కూడా వచ్చింది. పేరు అభిజ్ఞ, ముప్పై ఏళ్ళుంటాయి. చక్రంలోకి రాగానే వాంతి చేసుకుంది. పోలయ్య మజ్జిగ ఇచ్చాడు.

సాయంత్రానికి తేరుకుని అందరినీ కలిసింది.

"బొమ్మ నెల పైనుంచి నడుస్తోందని విన్నాం. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు. ఒప్పందంలో బొమ్మ ఉండాలని ఉంది, చేత్తోనే కట్టాలని లేదు. అచ్చు యంత్రం తెచ్చాను. ఓడను కిరణాలతో కొలుస్తుంది, పూటలో బొమ్మ వచ్చేస్తుంది."

"ఆ ఓడ లోహంతోనే సెయ్యాల మేడమ్" అన్నాడు దాసు.

"రేకు మిగిలిందిగా. దాన్నే పొడి చేసి వాడతాం."

దాసు నా వైపు చూశాడు. రేకు ఎంత మిగిలిందో నాకు తెలుసు. సరిపోతుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

జల్లెడలు దులిపాను, కొత్త గుడ్డలు వేశాను.

అభిజ్ఞ నా బల్ల దగ్గరికి వచ్చింది. వలలో వేలాడుతున్న బొమ్మలను చాలాసేపు చూసింది. యార్డు కోసిన ఓడలవి కొన్ని, నా కోసం కట్టుకున్నవి కొన్ని.

"ఇది ఆర్యభట కదా?"

"అవునండి."

"దీన్ని ఇక్కడ కోయలేదే. ఎప్పుడో గాలిలోకి దిగి కాలిపోయింది."

"అందుకే కట్టాను."

చేతిలోకి తీసుకుని తిప్పింది. "ఇన్ని ముఖాలు కలిసే చోట సందు రాకుండా ఎలా చేశారు?"

"ఇరవై ఆరు ముఖాలండి. ఒక్కోదాన్ని వేరుగా అరగదీసి అతికిస్తే ఆఖరుది ఎప్పుడూ పట్టదు. ముందు రెండు సగాలుగా కట్టి, ఆ రెండు అంచులనూ కలిపి అరగదీయాలి. ఇది నాలుగోది. మొదటి మూడూ కరిగించేశాను."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరండి. ఫొటోలు చూసి."

బొమ్మను ఇంకా చేతిలోనే పట్టుకుని, "నూకరత్నంగారి విషయం నాకు తెలుసు. రాకముందే చదివాను. మే దాకా ఆపమని పైవాళ్ళను అడిగాను. ఒక్క మనిషి కోసం యార్డంతటికీ గాలి ఇవ్వలేమన్నారు" అంది.

ఆర్యభటను జాగ్రత్తగా వలలో పెట్టి వెళ్ళింది.

ఏప్రిల్ 15, మంగళవారం

అచ్చు బొమ్మను ఇవాళ చూపించారు.

దాసు దాన్ని ముందు నాకే ఇచ్చాడు. బహుశా నేను తప్పు పడతానని అనుకున్నాడు. యంత్రం బాగా పనిచేసింది. పళ్ళెం అంచు సరిగ్గా ఉంది. మడత బందులు ఎటువి అటే ఉన్నాయి. ఉల్కల రజను కొట్టిన గుంటలు కూడా పోతపోసినట్టు వచ్చాయి. మెడ దగ్గర సొట్ట ఉంది. కందిబద్దంత. నా బొటనవేలు దాని మీదే ఆగింది.

నా బొమ్మలో ఆ చోటు నున్నగా ఉంటుంది. అది ఓడ తెచ్చుకున్న దెబ్బ కాదు, మేం కొట్టింది. మేం కొట్టినవి బొమ్మలో పెట్టం. కాబట్టి అక్కడ వేలు పెట్టి తప్పు అనవచ్చు. అంటే ఆ దెబ్బ ఎవరిదని అడుగుతారు. దెబ్బ కొట్టి చెప్పని మనిషికి పడవ లైసెన్సు ఉండదు. లైసెన్సు లేనివాళ్ళను మంచు గని తీసుకోదు. అనకపోతే రేపే కోత మొదలవుతుంది.

ఈ రెంటిలో ఏది చేయాలో నాకు తేలలేదు. బొమ్మ మాత్రం ఎదురుగా కట్టి ఉన్న ఓడలాగే ఉంది.

"ఇదే ఆ ఓడ" అన్నాను.

దాసు నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. పోలయ్య అయితే "ఏటి బావు" అని సగంలో ఆపేశాడు.

తరవాతివాళ్ళు గట్టిగానే వెతికారు. గౌరీసు నడుము కమ్మీలు లెక్కపెట్టాడు. పోలయ్య మళ్ళీ పళ్ళెం మీదికే పోయాడు. అభిజ్ఞ తెర మీద కొలతలు పక్కపక్కన పెట్టి చూపించింది. రెండూ ఒకటే. ఒక్కొక్కరూ ఆ మాట అన్నారు. దాసు అందరికంటే మెల్లిగా అన్నాడు.

ఆఖరు మనిషి నూకరత్నం. బొమ్మను తిప్పి మెడ దగ్గరికి తెచ్చింది. నా వైపు ఒకసారి చూసింది. తరవాత చూపుడు వేలు సొట్ట మీద పెట్టింది.

"ఇది ఆ ఓడ కాదు."

అభిజ్ఞ ముందుకు వంగింది. "అక్కడ సొట్ట ఉందండి. కిరణాల కొలతలో కూడా ఉంది, చూడండి."

"ఉన్నాది మేడమ్. ఉన్నాదనే సెప్తన్నాను. అది ఓడది కాదు, నాది. కట్టిన రోజు పడవ ముక్కు తగిలించీసినాను. ఎవలికీ సెప్పలేదు."

"నూకా" అన్నాడు దాసు.

"ఉండు మావా, సెప్పనీ. దీని ఎనక ఇందనం గొట్టం ఉన్నాది. సిన్నాన్న బొమ్మ కడతన్నప్పుడు సూసినాను. దెబ్బ తగిలిన గోడని తనికీ అదికారి సూడకుండా కొయ్యకూడదు. అది బొమ్మల కంటే ముందున్న రూలు. కాదేటి మేడమ్?"

అభిజ్ఞ బొమ్మ తీసుకుని సొట్టను గోటితో తడిమింది.

"అవును" అంది. "కోయకూడదు."

"తనికీ అదికారి ఎప్పుడొస్తాడు?"

"వచ్చే సరుకుల పడవలో. మే మధ్యలో."

నూకరత్నం తల ఊపింది.

"మీ లైసెన్సు గురించి నేను రాయాల్సి వస్తుంది" అంది అభిజ్ఞ.

"రాయండి."

ఏప్రిల్ 16, బుధవారం

జల్లెడలు దులిపాను.

నూకరత్నం పడవ తాళం దాసుకు ఇచ్చేసింది. తరవాత నా దగ్గరికి వచ్చి బల్లకు ఆనుకుని నిలబడింది.

"రంగు నువ్వే తుడిసినావు గదా. నాను తుడుద్దామని బయటికెల్తే అప్పటికే లేదు."

"అవును."

"మరి నిన్న తప్పు అని ఏల అనలేదు?"

"లైసెన్సు పోతుందని."

"పోనాది. అనుంటే నువ్వు సెప్పీసినావని నానొక నెల మాట్లాడకుండా కూకుందును. ఆ నెల ఆదా అయింది." కొంచెం నవ్వింది. తరవాత, "పడవ లేకుండా ఆల్లు నన్ను తీసుకెల్తారంటావా?" అంది.

తెలియదన్నాను.

ఏప్రిల్ 24, గురువారం

జల్లెడలు దులిపాను. గౌరీసుతో కలిసి రెండో గాలి తలుపు రబ్బరు సరిచేశాను.

మంచు గని నుంచి జవాబు వచ్చింది. పడవ నడిపే పని రద్దు చేశారు. వారం రోజులుగా దాసు రోజూ వాళ్ళతో మాట్లాడుతున్నాడు. వేడుకుంటాడు, తిడతాడు, మళ్ళీ బతిమాలతాడు. భోజనాల గదిలోకి అంతా వినిపిస్తుంది.

"పడవ ఇవ్వకపోతే మానీ బావూ. పారియ్యి. పార ఒట్టుకోడానికి లైసెన్సేటి? ... ఎముకలా? మీ బరువే ఇక్కడ గూడా. మీకంటే బాగా నడుస్తాది, గెంతుతాది గూడా. ... కాదు, తాగదు. నాను తాగుతాను. నన్నడగట్లేదు గదా."

సాయంత్రం ఒప్పుకున్నారు. గని లోపల మంచు తవ్వే పని. పడవ జీతంలో సగం కంటే తక్కువ. నిబంధన ప్రకారం తిరిగి లైసెన్సు పరీక్ష రాయాలంటే రెండేళ్ళు ఆగాలి. తన తప్పు తనే చెప్పిందని అభిజ్ఞ కాగితంలో రాయడం వల్లే ఆ పరీక్షకైనా వీలైంది. లేకపోతే ఎప్పటికీ ఉండేది కాదు.

పోలయ్య పాయసం చేశాడు. బెల్లం ఎక్కువైంది. ఎవరూ అనలేదు.

మే 5, సోమవారం

నౌక పొద్దున వచ్చింది. నూకరత్నం వెళ్ళింది.

వెంట తీసుకెళ్ళే బరువుకు పరిమితి ఉంది. ఆమె సంచిలో ఇంకా కొంచెం ఖాళీ ఉందంటే ఆర్యభట ఇచ్చాను.

"ఇదేటి, బంతా?"

"ఉపగ్రహం. మన దేశం కట్టిన మొదటిది."

"బంతి లాగే ఉన్నాది." వేళ్ళతో ముఖాలు తడిమింది. "ఎక్కడా సందు లేదు. దీనికి గూడా అందరూ ఒప్పుకున్నారేటి?"

"దీన్ని ఎవరికీ చూపించలేదు. నేనొక్కణ్ణే ఒప్పుకున్నాను."

"అయితే నానొక తప్పు ఎతుకుతాను. రెండేల్లు టైముంది."

దాసుకు, పోలయ్యకు వెళ్ళొస్తానని చెప్పింది. గాలి తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఒకసారి నొక్కి లోపలికి వెళ్ళింది. నౌక తాడు వదలడం కిటికీలోంచి చూశాం. ఇన్నాళ్ళూ తాడు వదిలే పని ఆమెది. గౌరీసు చేస్తే కొంచెం కుదిపాడు.

మధ్యాహ్నం జల్లెడలు దులిపాను.

మే 21, బుధవారం

తనిఖీ అధికారి నిన్న ఓడ చూశాడు. గొట్టం చితకలేదు, కోసుకోవచ్చన్నాడు. ఇవాళ నా బొమ్మను చూపించాను. అచ్చు బొమ్మ మీది సొట్ట సరిచేసి చూపిస్తే సరిపోయేది. అభిజ్ఞే వద్దంది.

నూకరత్నం పేరు ఇంకా యార్డు పట్టీలో ఉంది కాబట్టి ఆమె మాట కూడా కావాలి. దాసు రేడియో పెట్టాడు. చంద్రుడి నుంచి జవాబు రావడానికి ప్రతిసారీ రెండు మూడు క్షణాలు ఆగాలి.

బొమ్మ చేతులు మారింది. పదిమందీ అన్నారు. పోలయ్య పళ్ళేన్ని మెచ్చుకున్నాడు కూడా. ఇక రేడియో మిగిలింది.

"సిన్నాన్నా, బొమ్మ మీద సొట్ట పెట్టినావా?"

"లేదు."

కాస్త ఆగాక, "ఏల?"

"అది ఓడది కాదని నువ్వే అన్నావు."

ఈసారి దూరానికి పట్టే సమయం కంటే ఎక్కువే పట్టింది.

"అప్పుడన్నాను. ఇక్కడ గనిలో కూకుని ఆలోసించినాను. అది కుజుడి దాకా ఎల్లింది. తిరిగొచ్చింది. ఇన్నేల్లు అలగే తిరిగింది. ఆకర్న ఎవలికి తగిలింది? నాకే గదా. అది గూడా దానికి జరిగిందే. సొట్ట లేకపోతే అది ఆ ఓడ కాదు."

"ఏలు సూపించకుండా తప్పు ఒప్పుకోం" అన్నాడు దాసు.

"సూపిస్తన్నాను మావా. మీకు కనపడకపోతే నానేటి సేస్తాను?"

భోజనాల గదిలో అందరూ నవ్వారు. అభిజ్ఞ కూడా.

మేం కొట్టినవి బొమ్మలో పెట్టమన్నది పద్ధతి. తప్పు చూపిస్తే సరిచేయాలన్నదీ పద్ధతే. రెండూ ఒకేసారి కుదరవు. బొమ్మను బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. గుండ్రటి మొన ఉన్న ఉలి తీసుకున్నాను. టంకం వేసేసిన రేకు, ఒక్క దెబ్బకే అవకాశం. పక్కకు పోతే గది చీలిపోతుంది. మెడ మొదలయ్యే చోట ఆనించి సుత్తితో ఒకసారి కొట్టాను.

తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాను. అభిజ్ఞ తన అచ్చు బొమ్మను పక్కన పెట్టి రెండింటినీ చూసింది.

"అంటే నేను తెచ్చిందే సరైన బొమ్మ అన్నమాట."

"అవునండి" అన్నాను.

మళ్ళీ మొదటి మనిషి నుంచి మొదలుపెట్టాం. ప్రతివాళ్ళూ బొటనవేలితో సొట్టను తడిమి ఆ మాట అన్నారు.

"ఎలగున్నాదో సెప్పు" అంది నూకరత్నం.

"కందిబద్దంత."

"లోతు?"

"గోరు ఆగేంత."

ఆగాం. రేడియోలో చిన్న గరగర. నీళ్ళ చప్పుడు లేదు. వెనక ఎవరో పారతో గట్టి మంచు కొడుతున్నారు.

"ఇదే ఆ ఓడ" అంది.

మధ్యాహ్నం తరవాత కోత మొదలైంది. జల్లెడలు దులపలేదు. రేపు చూడాలి.